అమెరికన్ బొమ్మల ధారావాహికలలో హాస్యం – ఒక పరిశీలన

పెద్దల కోసం అమెరికాలో తయారయ్యే బొమ్మల ధారావాహికలకు అభిమానులు అసంఖ్యాకం. ఆ అభిమానులలో ఒక వింత అలవాటు కనిపిస్తుంది. తాము మెచ్చిన ధారావాహికను మెచ్చుకొని ఊరుకోరు. దానిని పక్కవాడు మెచ్చినదానితో తూచి, తమదే బరువని ఒప్పించేదాకా నిద్రపోరు. 'ది సింప్సన్స్' చూచి పెరిగినవారికి 'ఫ్యామిలీ గై' ఉత్త అనుకరణగా తోస్తుంది. 'ఫ్యామిలీ గై' అభిమానికి 'సింప్సన్స్' ముసలిదై పళ్ళూడినట్లు కనబడుతుంది. 'సౌత్ పార్క్' పక్షంవారు ఈ ఇద్దరినీ పిరికివారి కింద జమకడతారు. సముద్రాల కవతల మొదలైన ఈ వాదం ఇప్పుడు మన కళాశాల వరండాలలో కూడా వినవస్తున్నది. మా చెవిన పడినంతలో వాదించేవారి కొలబద్దలు రెండే: "ఇది ఎక్కువ నవ్విస్తుంది" అన్నది ఒకటి, "ఇది ఎవరికీ భయపడదు" అన్నది రెండవది. ఈ రెంటితో హాస్యాన్ని కొలవడం సాధ్యమేనా అన్నదే ఇక్కడ మేము పరిశీలించదలచిన విషయం.

ఈ ధారావాహికలు పసిపిల్లలకు తగినవి కావని ముందే చెప్పడం మా ధర్మం. వీటిలో కొన్నింట అశ్లీలం, బూతు విరివిగా ఉన్నవి. కళాశాల సంచికలో వీటి ఊసెందుకని పెద్దలకు సందేహం కలుగవచ్చును. విద్యార్థులు చూస్తున్నదానిని చూడనట్లు నటించడంకంటె, చూచినదానిని విమర్శించే పద్ధతి నేర్పడం అధ్యాపకుని పని అని మా అభిప్రాయం.

ముందుగా కొంచెం చరిత్ర. ఇంటిల్లిపాదీ టెలివిజన్ ముందు కూర్చొనే రాత్రివేళలో బొమ్మల హాస్యం అమెరికాలో 1960లో 'ది ఫ్లింట్‌స్టోన్స్'తో నిలదొక్కుకున్నది. రాతియుగపు సంసారం దాని ఇతివృత్తం. 1966 వరకు నడిచింది. అందులో ముందే రికార్డు చేసిన నవ్వుల ధ్వనిని సంభాషణల నడుమ జతపరచేవారు. ప్రేక్షకుడు ఎక్కడ నవ్వాలో ఆ ధ్వనే చెప్పేది. మాట్ గ్రోనింగ్ సృష్టించిన సింప్సన్ కుటుంబం 1987లో ఒక వినోద కార్యక్రమం మధ్య చిన్న చిన్న తునకలుగా మొదలై, 1989 డిసెంబరు 17న అరగంట ధారావాహికగా ఫాక్స్ సంస్థ ద్వారా ప్రసారమైనది. ఇందులో నవ్వుల ధ్వని లేదు.

ఈ మార్పు పైకి చిన్నదిగా కనబడినా ఫలితం పెద్దది. నవ్వుకోసం ఆగనక్కరలేదు గనుక మాట వెనుక మాట తరుముకొని వస్తుంది. దుకాణం మీది బోర్డులోనో, గోడమీది ప్రకటనలోనో, మూలన నిలబడ్డ మనిషి ముఖంలోనో రచయిత ఒక చమత్కారం దాచిపెట్టగలడు. దానిని పట్టుకోవడం చూచేవాని వంతు. రెండవసారి చూచినవానికి మొదటిసారి తప్పిపోయిన నవ్వు దొరుకుతుంది. అభిమానులు పరిశోధకులవలె తయారుకావడానికి, నీకు తెలియనిది నాకు తెలిసిందని పోటీపడడానికి బీజం ఇక్కడ పడిందని మేము అనుకొంటున్నాము. 1992లో నాటి అధ్యక్షుడు జార్జి బుష్, అమెరికన్ కుటుంబాలు సింప్సన్లకంటె వాల్టన్లవలె ఉండాలని ప్రసంగించాడు. వాల్టన్లంటే ఆర్థికమాంద్యపు రోజులలో ఆదర్శంగా బ్రతికిన ఒక కుటుంబాన్ని గురించిన వేరొక ధారావాహికలోనివారు. కొద్దిరోజులలోనే జవాబు వచ్చింది. తామూ వాల్టన్లవంటివారమే, మాంద్యం ఎప్పుడు పోతుందా అని తామూ ప్రార్థిస్తున్నామని కుర్రవాడు బార్ట్ చేత చెప్పించారు. దేశాధ్యక్షునికి బొమ్మ జవాబు చెప్పిన సందర్భాలు అరుదు.

ఇక తూనిక సంగతి. మన లక్షణశాస్త్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. భరతముని నాట్యశాస్త్రంలో హాస్యరసానికి స్థాయిభావం హాసం. అది పుట్టడానికి ఆయన చెప్పిన కారణాలు చాలా లౌకికమైనవి: వికృతమైన వేషం, అలంకారం, ధార్ష్ట్యం, లౌల్యం, కుహకం, అసత్ప్రలాపం, అంగవైకల్య దర్శనం, దోషాలను ఎత్తిచూపడం మొదలైనవి. ధార్ష్ట్యమనగా సిగ్గెరుగని తెగువ. లౌల్యమనగా అదుపులేని ఆశ. అసత్ప్రలాపమనగా పొందికలేని పేలాపన. పుట్టిన నవ్వును ఆయన ఆరు విధాలుగా విభజించాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. స్మితంలో పలువరుస కనబడదు. అతిహసితంలో కళ్ళ నీళ్ళు కారుతూ, చేతులతో పక్కలు పట్టుకొని, బిగ్గరగా నవ్వడం ఉంటుంది.

"ఎక్కువ నవ్విస్తుంది" అనే కొలతను తీసుకొని భరతుని దగ్గరకు వెళితే ఫలితం తలక్రిందులవుతుంది. పక్కలు పట్టుకొని నవ్వించినది ఆయన లెక్కలో కడపటి మెట్టు. అయితే నవ్వులను మనుషుల అంతస్తులతో ముడిపెట్టిన ఈ పంపకాన్ని నేటివారు ఉన్నదున్నట్లు ఒప్పుకోనక్కరలేదు. హాస్యరసం స్త్రీలలోను, నీచపాత్రలలోను ఎక్కువగా కనిపిస్తుందని కూడా ఆయనే అన్నాడు. ఎవరిని చూచి నవ్వవచ్చునో ముందే తీర్మానించుకొన్న సమాజం ఆ మాట వెనుక ఉన్నది. ఆ సంగతి ఈ వ్యాసంలో ముందు ముందు మళ్ళీ ఎదురవుతుంది. ప్రస్తుతానికి మేము ఆయన దగ్గర తీసుకొనేది కారణాల పట్టిక మాత్రమే.

సింప్సన్ కుటుంబపు యజమాని హోమర్ లౌల్యానికి నిలువెత్తు బొమ్మ. అణువిద్యుత్ కేంద్రంలో భద్రత తనిఖీ చేసే ఉద్యోగి. తన నోటినే తనిఖీ చేసుకోలేడు. 1993లో వచ్చిన ఒక కథలో ఒక్క డోనట్ కోసం ఆత్మను షైతానుకు అమ్ముతాడు. కడపటి ముక్క తినేదాకా ఒప్పందం పూర్తికాదని గ్రహించి, షైతానును ఓడించానని పొంగిపోయి, ఆ ముక్కను ఫ్రిజ్‌లో దాస్తాడు. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచి దానినీ మింగుతాడు. చివరకు అతన్ని కాపాడినది పెళ్ళినాటి ఫోటో. దాని వెనుక తన ఆత్మ భార్య మార్జ్‌కే చెందుతుందని ఎన్నడో రాసియిచ్చి ఉన్నాడు. నవ్వు ఇక్కడ లౌల్యంలో పుట్టి, మనిషిమీద మమకారంలో ఆగుతుంది. ఆ షైతాను వేషంలో వచ్చినవాడు పొరుగింటి మహాభక్తుడు ఫ్లాండర్స్ కావడం కొసరు.

దీనికంటె సూక్ష్మమైన ఉదాహరణ 1996లో వచ్చిన 'మచ్ అపూ అబౌట్ నథింగ్' అనే భాగంలో ఉన్నది. ఊరిలోకి ఒక ఎలుగుబంటి వస్తుంది. జనం గోలచేసి ఎలుగుల కాపలాదళాన్ని పెట్టిస్తారు. తరువాత ఎలుగు కనిపించకపోవడంతో దళం దివ్యంగా పనిచేస్తున్నదని హోమర్ మురిసిపోతాడు. కుమార్తె లీసా నేలమీది రాయి ఒకటి చేతపట్టి, ఇది పులులను దూరంగా ఉంచుతుంది, ఇక్కడ ఒక్క పులైనా కనబడుతున్నదా అని అడుగుతుంది. తండ్రి తర్కంలోని లోపాన్ని చూపడం ఆమె ఉద్దేశం. హోమర్ కొంచెం ఆలోచించి ఆ రాయిని కొంటానంటాడు. హేత్వాభాసాన్ని గురించి తరగతిలో గంటసేపు చెప్పినా ఎక్కనిది ఇక్కడ అరనిమిషంలో ఎక్కుతుంది. పైగా ఆ నవ్వు హోమర్ మీద ఆగదు. కాపలాదళాలను నమ్మి పన్నులు కట్టే ప్రతి పౌరుని మీదా పడుతుంది.

విద్యావంతుల చేతిలో హాస్యం ఎంతదూరం పోగలదో చెప్పడానికి గ్రోనింగ్ 1999లో డేవిడ్ ఎక్స్. కోహెన్‌తో కలిసి ప్రారంభించిన 'ఫ్యూచురామా' మరొక సాక్ష్యం. గణితశాఖలోని మా మిత్రులకోసం ఈ నాలుగు వాక్యాలు. 2010 నాటి ఒక భాగంలో పాత్రల మనసులు ఒకరి శరీరంలోనుండి మరొకరి శరీరంలోకి తారుమారవుతాయి. ఒకసారి మార్చుకొన్న జంట మళ్ళీ నేరుగా మార్చుకొనే వీలులేదు. ఎంతటి గందరగోళమైనా కొత్తగా ఇద్దరు వచ్చి చేరితే అందరినీ యథాస్థానాలకు చేర్చవచ్చునని ఆ భాగం రచయిత కెన్ కీలర్ నిజంగానే నిరూపించాడు. ఆయన అనువర్తిత గణితంలో డాక్టరేటు పొందినవాడు. నిరూపణ బోర్డుమీద కనబడుతుంది, కథ సాగిపోతుంది.

'ఫ్యామిలీ గై' 1999 జనవరి 31న మొదలైనది. సేత్ మెక్‌ఫార్లేన్ దీని సృష్టికర్త. తండ్రి పీటర్ గ్రిఫిన్, తల్లి లోయిస్, పిల్లలు, చదువుకొన్న పెద్దమనిషివంటి కుక్క, పండితునివలె మాట్లాడే పసివాడు – ఇదీ కుటుంబం. 2002లో సంస్థ దీనిని నిలిపివేసింది. డివిడిల అమ్మకాలు, పునఃప్రసారాలకు వచ్చిన ఆదరణ చూచి 2005లో తిరిగి ప్రారంభించింది. అనగా ఇది చూచేవారు చావనివ్వని ధారావాహిక. దాని అభిమానులు దానిని సొంత బిడ్డవలె వెనకేసుకొని రావడంలో ఆశ్చర్యం లేదు.

దీని హాస్యానికి మూలం అసత్ప్రలాపం. మాటల మధ్య పీటర్ "ఇది ఫలానాసారి జరిగినదానికంటె ఘోరంగా ఉన్నది" అంటాడు. వెంటనే కథ ఆగి, ఆ ఫలానాసారి ఏమైనదో చూపే చిన్న దృశ్యం వస్తుంది. దానికి కథతో సంబంధం ఉండదు. మన హరిదాసులు శ్రోతలు కునుకుతున్నారని పసిగట్టి పిట్టకథ అందుకొన్నట్లుగా ఉంటుంది. కాకపోతే ఇక్కడ పిట్టకథలే ఎక్కువ, హరికథ తక్కువ. దీనిని లోపమని సింప్సన్స్ పక్షంవారంటారు. మేము అంత తొందరగా తీర్పు చెప్పలేము. ఉర్దూ విమర్శలో 'తంజ్' అని, 'మిజాహ్' అని రెండు మాటలను జంటగా వాడడం మన విద్యార్థులలో చాలామందికి తెలుసు. గుచ్చి నవ్వించేది తంజ్, మనసును తేలికపరచి నవ్వించేది మిజాహ్. గుచ్చలేదని మిజాహ్‌ను తప్పుపట్టడం, తీపిలేదని పులుసును తప్పుపట్టడం వంటిది.

అయినా ఒకే ఉపాయం ఇద్దరి చేతులలో ఎలా పలుకుతుందో పోల్చి చూడవచ్చును. 1993లో వచ్చిన 'కేప్ ఫియర్' అనే భాగంలో సైడ్‌షో బాబ్ అనే దుష్టుడు, ఎండుటాకులు పోగుచేసే పొడవుకర్ర పళ్ళమీద కాలు వేస్తాడు. కర్ర లేచి ముఖానికి కొట్టుకొంటుంది. పక్కకు తిరిగితే మరొకటి. ఇలా తొమ్మిదిసార్లు. భాగం నిడివి చాలక దృశ్యాన్ని సాగదీశారట. రెండవ దెబ్బకు నవ్వు వస్తుంది, నాలుగవదానికి విసుగు పుడుతుంది, ఆ విసుగును దాటి మళ్ళీ నవ్వు వస్తుంది. 2000లో వచ్చిన 'ఫ్యామిలీ గై' భాగం ఒకదానిలో పీటర్ పరుగెత్తుతూ పడి, మోకాలు పట్టుకొని, పళ్ళ బిగువున గాలి పీలుస్తూ మూలుగుతాడు. ఆ మూలుగే సాగుతుంది, సాగుతుంది, ఇంకా సాగుతుంది. ఉపాయం అదే: విసుగును దాటించడం. అయితే బాబ్ సామాన్యుడు కాడు. సంగీతం తెలిసినవాడు, మాట సొంపు కలవాడు, తనంతటివాడు లేడనుకొనే అహంకారి. ఒక పిల్లవానిని చంపడానికి బయలుదేరినవాడు. ఆ అహంకారానికి తొమ్మిది కర్రదెబ్బలు. పీటర్ మోకాలి వెనుక సాగదీత తప్ప మరేమీ లేదు. కేవలం సాగదీతలోనుండి నవ్వు పిండడం కూడా సామర్థ్యమే. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు మొదటిది మా మనస్సులో నిలిచినంతకాలం రెండవది నిలువలేదు.

విచిత్రమేమంటే ఈ పోలికల జగడం ప్రేక్షకులతో ఆగక నిర్మాతలదాకా పోయింది. 2002లో సింప్సన్స్‌లో హోమర్‌కు నకళ్ళు పుట్టుకొచ్చిన కథ ఒకటి వచ్చినప్పుడు, ఆ నకళ్ళ గుంపులో పీటర్ గ్రిఫిన్‌ను కూడా నిలబెట్టారు. అదే సంవత్సరం సౌత్ పార్క్‌లో ఒక పిల్లవాడు లోకాన్ని నాశనం చేయడానికి ఏ పన్నాగం పన్నినా, అది సింప్సన్స్ వారు ఇదివరకే చేశారన్న మాట వినవస్తుంది. చివరకు తేలినదేమంటే సింప్సన్స్ వారు కూడా అంతకు ముందువారినుండి తీసుకొన్నారని. 2006లో సౌత్ పార్క్ మరింత ముందుకు పోయి, 'ఫ్యామిలీ గై' చమత్కారాలను మనాటీలనే నీటిజంతువులు రాస్తున్నట్లు చూపింది. పేర్లు, పనులు రాసిన బంతులను అవి తొట్టిలో తోసుకొంటూ పోతే, పడిన బంతులను కలిపి హాస్యం తయారుచేస్తారు. పిట్టకథలకు కథతో పొత్తు లేదన్న విమర్శను ఇంతకంటె పదునుగా ఏ వ్యాసకర్త చెప్పలేదు. ఇక 2014లో రెండు కుటుంబాలు ఒకే భాగంలో కలిసినప్పుడు, పీటర్ ఊరి బీరు హోమర్ ఊరి బీరుకు నకలా కాదా అని కోర్టులో దావా నడుస్తుంది. తీర్పు చెప్పే న్యాయమూర్తి స్థానంలో ఉన్నది ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్! ఆ రెండూ తన కాలపు బీరుకు నకళ్ళేనని ఆయన తేలుస్తాడు. ఎవరిది అసలు, ఎవరిది నకలు అన్న వాదానికి అంతకు మించిన తీర్పు మాకు తోచదు.

'సౌత్ పార్క్' సంగతి వేరు. ట్రే పార్కర్, మాట్ స్టోన్ అనే ఇద్దరు మిత్రులు 1997 ఆగస్టు 13న దీనిని ప్రారంభించారు. కొలరాడోలోని ఒక చిన్న ఊరు, నలుగురు బడిపిల్లలు. మొదటి భాగాన్ని కాగితాలు కత్తిరించి తయారుచేశారు. తరువాత కంప్యూటర్లు వచ్చినా ఆ కాగితపు మొరటుదనాన్నే అనుకరిస్తూ వచ్చారు. ఒక్కొక్క భాగాన్ని ఆరు రోజులలో పూర్తిచేసే పద్ధతి వారిది. అందుచేత ఈ వారం వార్తాపత్రికలో వచ్చినది వచ్చేవారం తెరమీద ఎగతాళికి గురికాగలదు. ఇది పూర్తిగా తంజ్. కార్ట్‌మన్ అనే పిల్లవాడు భరతుడు చెప్పిన ధార్ష్ట్యానికి ప్రతిరూపం.

దీని అభిమానుల వాదం ఒకటి తరచుగా వింటున్నాము. అందరినీ సమానంగా వెక్కిరిస్తుంది గనుక ఇందులో ఎవరికీ అన్యాయం లేదని. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత మన పెద్దలు ఊరకే అనలేదు. తెరమీద నూరు రూపాలలో కనబడే జాతికి నూటొకటవ రూపం వెక్కిరింత అయినా నష్టం స్వల్పం. ఒక్క రూపంలోనే కనబడే జాతికి ఆ ఒక్కటీ వెక్కిరింత అయితే, చూచేవారి దృష్టిలో ఆ జాతి అంతా అదే. సమానమన్నది విసిరేవాని చేతిలో చూచి చెప్పేది కాదు, తగిలేచోట చూచి చెప్పవలసినది.

ఈ సందర్భంలో 2006, 2010 సంవత్సరాల ఉదంతాలను దాటిపోవడం నిజాయితీ కాదు. మా ప్రవక్త చిత్రణ ప్రసక్తి ఆ భాగాలలో వచ్చినది. ప్రసారసంస్థ ఆ చిత్రాన్ని చూపనివ్వలేదు. 2010లో నిర్మాతలకు బెదిరింపులు కూడా వచ్చాయి. బెదిరించినవారిని సమర్థించే మాట మా కలంనుండి రాదు. కోట్లమంది మనసుకు నొప్పి కలిగించే చిత్రణను ఆటగా తీసుకోవడాన్నీ మేము మెచ్చము. అభిమానులు మాత్రం దీనిని ధైర్యానికి పరాకాష్ఠగా లెక్కించి, ఆ ధైర్యంతో మిగిలిన ధారావాహికలను కొలుస్తున్నారు. "ఎవరికీ భయపడదు" అనే రెండవ కొలబద్ద ఇదే. తెగువ హాస్యానికి ఒక కారణం కావచ్చునని భరతుడే చెప్పాడు. తెగువ ఉన్నచోటల్లా హాస్యం ఉంటుందని చెప్పలేదు. ఆ 2006 భాగాలలో నేటికీ జనం తలచుకొని నవ్వుకొనేది మనాటీలను చూచి.

ఎంత తెగించిందన్న ప్రశ్నను పక్కన పెట్టి, నవ్వు ఎవరి మీద పడుతున్నదని అడిగితే తూనిక ఎలా మారుతుందో చెప్పడానికి 'కింగ్ ఆఫ్ ది హిల్' మంచి ఉదాహరణ. మైక్ జడ్జ్, గ్రెగ్ డేనియల్స్ 1997లో ప్రారంభించిన ఈ ధారావాహికను ఫాక్స్ సంస్థ 2009 వరకు నడిపింది. టెక్సాస్‌లోని ఒక ఊరిలో ప్రొపేన్ గ్యాసు అమ్ముకొనే హాంక్ హిల్ కథ. అతిహసితానికి ఇందులో చోటు తక్కువ. పక్కింటికి కాన్ అనే లావోస్ దేశస్థుడు కాపురానికి వస్తాడు. నువ్వు చైనావాడివా, జపానువాడివా అని హాంక్, అతని మిత్రులు అడుగుతారు. తాను లావోస్‌వాడినని, ఆ దేశం ఫలానాచోట ఉన్నదని, జనాభా ఇంత అని కాన్ ఓపికగా వివరిస్తాడు. అంతా శ్రద్ధగా విని, ఇంతకూ చైనావాడివా, జపానువాడివా అని మళ్ళీ అడుగుతారు. ఇక్కడ వచ్చినవాని పరాయితనం కారణమైనా, నవ్వు పడినది అడిగినవారి అజ్ఞానం మీద. అయినా ఇందులోనూ ఒక కొరత ఉండినది: కాన్ గొంతు ఒక శ్వేతజాతి నటునిది. 2025లో ఈ ధారావాహిక తిరిగి వచ్చినప్పుడు ఆ పాత్రకు రోనీ చియెంగ్ గొంతు ఇచ్చాడు.

ఇప్పుడు అపూ దగ్గరకు వద్దాము. ఇక్కడే ఈ పోలికల వాదంలోకి ఒక తెలుగువాడు ప్రవేశిస్తాడు.

సింప్సన్స్‌లో 1990నుండి కనిపించే భారతీయ దుకాణదారు అపూ నహసపీమపెటిలాన్. పేరు సత్యజిత్ రాయ్ చిత్రాలలోని అపూనుండి తీసుకొన్నది; ఇంటిపేరు మన దేశపు ఇంటిపేర్లలో దేనినీ పోలదు. గొంతు ఇచ్చినవాడు హాంక్ అజారియా అనే శ్వేతజాతి నటుడు. 1982లో న్యూయార్కు నగరపు క్వీన్స్ ప్రాంతంలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన హరి కొండబోలు, హాస్యనటుడై, 2017 నవంబరులో 'ది ప్రాబ్లం విత్ అపూ' అనే డాక్యుమెంటరీ తీశాడు. కాల్ పెన్, ఆసిఫ్ మాండ్వీ మొదలైన నటులు అందులో తమ అనుభవాలు చెప్పారు. అమెరికన్ టెలివిజన్‌లో భారతీయుడంటే దాదాపు అపూ ఒక్కడే అయిన రోజులలో, ఆ యాసతో బడిలో తమను వెక్కిరించేవారన్నది వారి ఫిర్యాదు. తన తండ్రిని వెక్కిరించే తెల్లవానిని మరొక తెల్లవాడు అనుకరించినట్లుగా ఆ గొంతు ఉన్నదని కొండబోలు అంతకుముందే ఒక కార్యక్రమంలో అన్నాడు.

అభిమానులు ఊరుకోలేదు. వారి సమాధానాలలో పస ఉన్నది గనుక తోసిపుచ్చరాదు. ఆ ఊరిలో అందరూ వికటపాత్రలే, స్కాట్లండువాడు విల్లీ మాత్రం మినహాయింపా అన్నారు. దీనికి జవాబు పైన చెప్పిన నూరు రూపాల లెక్కలో ఉన్నది. అపూ బుద్ధిమంతుడు, కష్టజీవి, కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాడు కదా అన్నారు. ఇది నిజం. పులిరాయి వచ్చిన 1996 నాటి భాగంలోనే దీనికి సాక్ష్యం ఉన్నది. ఎలుగుల దళానికి పన్ను పెరిగిందని జనం మొరపెట్టుకొంటే, నగరాధ్యక్షుడు నెపాన్ని వలసవచ్చినవారి మీదికి నెడతాడు. వీసా గడువు తీరిన అపూ పౌరసత్వ పరీక్షకు కూర్చొంటాడు. అంతర్యుద్ధానికి కారణమేమని అడిగితే, చరిత్రకారునివలె అనేక కారణాలు వివరించబోతాడు. పరీక్షాధికారి విసుగుపడి, బానిసత్వమని ఒక్కమాట చెప్పు చాలునంటాడు. ఈ నవ్వు అధికారి మీద పడుతుంది. ఇంతటి భాగం రాసినవారిని జాతిద్వేషులనడం అన్యాయం.

కాని బడిలో పిల్లలు తోటి భారతీయ బాలుని చూచి అంతర్యుద్ధపు కారణాలు వల్లించలేదు. వారికి పట్టుబడినది "థాంక్యూ, కమ్ ఎగైన్" అన్న మాట, దాని యాస. రచయిత ఉద్దేశం భాగంతోపాటు ముగుస్తుంది. యాస వీధిలోకి వస్తుంది. వికృతమైన పలుకు కూడా హాస్యకారణమని మన శాస్త్రం చెబుతున్నది నిజమే. ఏ పలుకు వికృతమో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న మాత్రం శాస్త్రం వేయలేదు.

ఈ ప్రశ్న మన విద్యార్థులకు పరాయిది కాదు. మన తెలుగు చలనచిత్రాలలో సాయిబు పాత్ర నోట వచ్చీరాని తెలుగు పెట్టి నవ్వించడం, తెలంగాణ యాసను ఏ హాస్యగానికో రౌడీకో కేటాయించడం చాలాకాలం సాగింది. తెలుగులో ఎం.ఏ. చదివి, తెలుగే బోధిస్తూ ఉన్నా "మీకు తెలుగు ఎలా వచ్చును?" అని అడిగేవారు మాకు నేటికీ తారసపడతారు. తెలుగునేలమీద పుట్టి పెరిగామని వివరించిన తరువాత కూడా మళ్ళీ అదే ప్రశ్న వస్తే, కాన్ గుర్తుకు వచ్చి మాకు నవ్వే వస్తుంది. మరి మన హాస్టళ్ళలో పల్లెనుండి వచ్చిన కుర్రవాని దక్కనీని పట్నంవారు అనుకరించి నవ్వుకొనడం లేదా?

విమర్శకు సింప్సన్స్ వారి జవాబు 2018 ఏప్రిల్‌లో వచ్చింది. మార్జ్ తాను చిన్ననాడు ఇష్టపడిన పుస్తకాన్ని, నేటివారికి నొప్పి కలిగించే మాటలన్నీ తీసివేసి చదువుతుంది. అందులో రుచి మిగలదు. అప్పుడు లీసా ప్రేక్షకులవైపు తిరిగి, ఒకనాడు అందరూ మెచ్చినది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేయగలమన్నట్లు మాట్లాడుతుంది. పక్కన అపూ ఫోటో ఉంటుంది. ఆ మాటను ఒప్పుకొనేవారు, ఒప్పుకోనివారు ఉంటారు. మాకు లోటుగా తోచినది వేరు: అందులో హాస్యం లేదు. తండ్రి తర్కాన్ని ఒక్క రాయితో పడగొట్టిన పిల్ల నోట, రచయితలు తమ సంజాయిషీని పెట్టారు. అధ్యక్షునికి బార్ట్ చెప్పిన జవాబును దీని పక్కన పెట్టి చూడండి.

2020 జనవరిలో అజారియా ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనన్నాడు. శ్వేతజాతేతర పాత్రలకు శ్వేతజాతి నటుల గొంతు వాడబోమని అదే సంవత్సరం జూన్‌లో నిర్మాతలు ప్రకటించారు. 2021లో అజారియా బహిరంగంగా క్షమాపణ చెప్పుకొంటూ, తన కుమారుని పాఠశాలలో భారతీయ విద్యార్థులతో మాట్లాడిన సంగతి చెప్పాడు. వారిలో 17 ఏళ్ళ కుర్రవాడు ఒకడు సింప్సన్స్‌ను ఎన్నడూ చూడలేదట. అయినా అపూ అన్న పేరు ఏ అర్థంలో తనవారి మీద విసరబడుతుందో అతనికి తెలుసునట.

కొండబోలు మాత్రం సింప్సన్స్‌కు చిన్ననాటినుండీ అభిమాని. తన హాస్యానికి ఆ ధారావాహికే ఒరవడి పెట్టిందని చెప్పుకొన్నవాడు. అపూను తొలగిస్తారన్న వార్త 2018లో వచ్చినప్పుడు ఆయన సంతోషించలేదు. ఆ పాత్రను తీసివేయకుండానే బాగుచేయడానికి మార్గాలెన్నో ఉన్నవని ఆనాడే అన్నాడు.